మణికట్టు మీది సంక్షేమం

ఇల్లినాయ్ రాష్ట్రం, అరోరా పట్టణంలో నివసించు తెలుగువారి సాంఘిక సంక్షేమ బాధ్యతను నిరుటి వసంతం నుంచి వారి చేతుల్లోంచి తప్పించి, మణికట్ల మీదికి బదిలీ చేయడమైనది. ఈ బదిలీ వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదనీ, కలిగినవారు ఆ సంగతి వాచీకి చెప్పుకోగా అది వారిని ఊపిరి నెమ్మదిగా పీల్చి వదలమన్నదనీ అధికార వర్గాల భోగట్టా.

అధికార వర్గాలంటే అవినాష్. అరోరా తెలుగు సౌఖ్య సమితికి అధ్యక్షుడు. పగలు ఒక పెద్ద కంపెనీలో ప్రోగ్రాం మేనేజరు. ఇంటికొచ్చాక కూడా ప్రోగ్రాం మేనేజరే, కాకపోతే ఇంట్లో ఎవరూ ఆయన మీటింగులకు రారు. ఆ కొరత తీరేలా ఒక శనివారం హైస్కూలు భోజనశాలలో అందర్నీ కూర్చోబెట్టి ఇలా ప్రసంగించాడు:

"ఫ్రెండ్స్, మన కమ్యూనిటీలో బిగ్గెస్ట్ ప్రాబ్లం ఏంటి? లోన్లీనెస్. లోన్లీనెస్ అంటే ఏంటి? ఒక బగ్. బగ్ అన్నాక ఫిక్స్ ఉంటుంది. ఇంతకాలం మనం ఏం చేశాం? ఒకరింటికి ఒకరం వెళ్ళాం, కాఫీ తాగాం, కబుర్లు చెప్పుకున్నాం. మరి డేటా ఎక్కడ? మనం హ్యాపీగా ఉన్నామని ప్రూఫ్ ఎక్కడ?"

సభ తల దించుకుంది. నిజమే, ఒక్కరి దగ్గరా రుజువు లేదు. అంతమంది ఇన్నేళ్ళపాటు ఏ ఆధారమూ లేకుండా సంతోషంగా ఉన్నారు.

ఆ అప్రతిష్ఠను తుడిచేయడానికే 'చల్లగా' అనే వాచీ పుట్టింది. పెద్దలు దీవించే మాట కదా అని ఆ పేరు. అది చేతికి ఉంటే చాలు, మీరు ఎవరితో ఏం మాట్లాడారో, ఎంత గొంతుతో మాట్లాడారో, అప్పుడు మీ నాడి ఎలా గంతులేసిందో అన్నీ విని, చూసి, మీకొక సుఖాంకం ఇస్తుంది. బాగుంటే పచ్చ, అంతంతమాత్రమైతే పసుపు, బాగోకపోతే ఎరుపు. దానికి తెలుగు రాదేమోనని సందేహించినవాళ్ళు చెంపలేసుకున్నారు. బాతెల్ అనే ఊళ్ళో కూర్చున్న మన కుర్రాళ్ళే దానికి ఓనమాలు దిద్దించారు. నెల్లూరు యాసా తెలుసు, నిజామాబాద్ యాసా తెలుసు. అత్తగారు కోడలితో "బాగానే ఉందిలేమ్మా" అంటే, ఆ చివరి 'లేమ్మా'లో విషం పాలెంతో తూకం వేసి చెబుతుంది.

ఫలితాలు వెంటనే కనిపించాయి. భార్యాభర్తలు విమానంలో సీటు బెల్టు గురించి చెప్పే అమ్మాయిల్లాగా మాట్లాడుకోసాగారు. "చెత్తడబ్బా బయట పెట్టడం మళ్ళీ మర్చిపోయిన నీ మీద నాకు అపారమైన గౌరవం ఉంది" అని ఒక ఇల్లాలు మొగుడితో అన్నదంటే, ఆ సంసారం ఎంత పచ్చగా ఉందో పాఠకులు ఊహించుకోవచ్చు. పుట్టినరోజు పార్టీల్లో నవ్వు కొరత ఏర్పడినప్పుడల్లా వాచీలు గిలిగింతలు పెట్టేవి. అందుచేత జోకు సగంలో ఉండగానే జనం నవ్వేసి, మిగతా సగం వినకుండానే అన్నానికి లేచేవారు. ఉద్యోగం ఊడిన ఒక కుర్రాణ్ణి పలకరించబోయినవాళ్ళను వాచీలు గుమ్మంలోనే ఆపి, లోపల విచారకర వాతావరణం ఉందని హెచ్చరించాయి. వాళ్ళు అక్కడి నుంచే ఫోనులో బొటనవేలు బొమ్మలు పంపి వెనుదిరిగారు. అన్ని బొటనవేళ్ళు ఒక్కసారిగా వచ్చిపడేసరికి ఆ కుర్రాడి సుఖాంకం కొండెక్కింది. ఉద్యోగం మాత్రం రాలేదు గానీ, అది వేరే శాఖ.

ఇంతటి స్వర్ణయుగంలో ఒకే ఒక్క మచ్చ మిగిలింది. దాని పేరు కొండల్రావు.

కొండల్రావు గారిది జనగామ. ఆర్టీసీలో డిపో మేనేజరుగా రిటైరై, కొడుకు అనుదీప్, కోడలు అలేఖ్యల దగ్గర కొన్నాళ్ళుండటానికి వచ్చారు. అదే వీధిలో, నాలుగు గడపల అవతల, కూతురు అనురాధ ఇంట్లో లక్ష్మీపతి గారుండేవారు. ఆయనది తెనాలి, పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఇద్దరూ రోజూ పొద్దున్నే కాలనీ నీటిమడుగు చుట్టూ నడిచేవారు. నడిచేవారనడం మర్యాదకు. నిజానికి పోట్లాడుకునేవారు, కాళ్ళు వాటంతట అవి నడిచేవి.

"ఏమండీ కండక్టరు గారూ, ఇవాళైనా టైముకి బయల్దేరారా, లేక బస్సు బ్రేక్‌డౌనా?" అని లక్ష్మీపతి గారు మొదలుపెట్టేవారు. డిపో మేనేజరని తెలిసే అలా పిలిచేవారు.

"నేనొచ్చి గంటయితుంది టపావాలా. నువ్వే ఏ స్టాంపుకో అతుక్కొని పోయినవనుకున్న."

అక్కడి నుంచి పచ్చిపులుసు మీదికి పోయేవారు. అది పొయ్యి వెలిగించడానికి బద్ధకమేసినవాడెవడో కనిపెట్టిన వంటకమని తెనాలి వాదన. మీ గుంటూరోళ్ళు అంత కారం దంచి పోసేది లోపల కూరగాయ ఏందో తెల్వకుండేటందుకని జనగామ జవాబు. మామిడిపళ్ళు, మాగాణి, సినిమాలు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళలో వడ్డనలు... దేన్నీ వదిలేవారు కాదు. రెండోచుట్టు అయ్యేసరికి "నీ మొహం" అంటే "నీ మొహం" అనుకుని, "రేపు రా, నీ సంగతి చెప్తా" అని ఒకరినొకరు బెదిరించుకుని ఇళ్ళకు పోయేవారు. ఇంటికెళ్ళాక కొండల్రావు గారు ఒక ఉప్మా గిన్నెను దాని అడుగు కనబడేదాకా విచారించేవారు. పగలంతా మర్నాటికి కావలసిన మాటలు నూరుకుంటూ, మధ్యమధ్య తనలో తాను నవ్వుకుంటూ ఉండేవారు.

ఈ మనిషి చేతికి అనుదీప్ వాచీ కట్టాడు. మర్నాడు మడుగు చుట్టూ సగం దూరం నడవకముందే అది ఎర్రబడింది. మూడోనాటికి ఇంటిల్లిపాది ఫోనుల్లోనూ ఒక తాఖీదు మోగింది: 'మీ కుటుంబ సభ్యుని జీవితంలో హానికరమైన సంబంధం ఒకటి గుర్తించబడినది. అవమానకర సంబోధనలు, ప్రాంతీయ దూషణ, ముఖమును గూర్చిన పదేపదే ప్రస్తావన.'

అనుదీప్ ముఖం పాలిపోయింది. "నాన్నా, నువ్ ఆ అంకుల్‌తోని తిరుగుడు బంద్ చెయ్యాలె. యాప్ క్లియర్‌గా చెప్తుంది, టాక్సిక్ అని."

"టాక్సిక్ అంటే ఏందిరా?"

"విషం నాన్నా."

"విషం కాదురా, గుంటూరోడు."

"చూసినవా, మళ్ళీ ప్రాంతీయ దూషణ!" అని అనుదీప్ వాచీ వైపు భయంగా చూశాడు.

మన ప్రజ్ఞావంతులు ఒక సమస్యను చేపట్టారంటే సగంలో వదలరు. అటు అనురాధ, ఆమె భర్త రఘు, ఇటు అనుదీప్ వీడియోలో కూర్చుని, పెద్దవాళ్ళిద్దరి క్యాలెండర్లు దగ్గర పెట్టుకుని, భూమ్మీద వాళ్ళిద్దరూ ఎదురుపడే అవకాశం లేకుండా చేశారు. ఇద్దరి వాచీలనూ వీధి తలుపుల తాళాలకు కలిపారు. లక్ష్మీపతి గారు రోడ్డు మీద ఉన్నంతసేపు కొండల్రావు గారి తలుపు తెరుచుకోదు. కొండల్రావు గారు బయట ఉంటే అవతలి తలుపు తెరుచుకోదు. గ్యారేజీ తలుపు కూడా ఈ ఒప్పందంలో చేరింది. ఒకరోజు కొండల్రావు గారు తలుపు పక్కనున్న అద్దంలోంచి చూస్తే, లక్ష్మీపతి గారు వాళ్ళ ఇంటి ముందు ఆగి, ఇటు మెడ సాచి చూస్తున్నారు. కొండల్రావు గారు పిడికిలి ఎత్తి ఊపారు. ఆయనా ఎత్తారు. ఇంతలో ఇద్దరి మణికట్లూ జుమ్మన్నాయి. ఆయన పిడికిలి దించుకుని వెళ్ళిపోయారు. తలుపు అప్పుడు ఎంతో ఆప్యాయంగా 'టక్'మని తెరుచుకుంది. బయట వీధి వీధంతా ఉంది, తిట్టడానికి మనిషి లేడు.

సంక్షేమమంటే పీకేయడం ఒక్కటే కాదు, నాటడం కూడా. పోయిన స్నేహితుడి స్థానంలో వాచీ ఇంకొకణ్ణి భర్తీ చేసింది. వాడి పేరు మధురమిత్ర. ఒళ్ళు లేదు, గొంతు మాత్రమే ఉంది, ఆ గొంతులో పంచదార పాకం తీగసాగుతుంది. కొండల్రావు గారు వాణ్ణి పరీక్షించదలచారు.

"పోస్టాఫీసంత దండగ పని దునియాల ఇంకోటి లేదు."

"చాలా చక్కగా చెప్పారు కొండల్రావు గారూ!"

"కాదు కాదు. పోస్టాఫీసే గొప్పది. ఆర్టీసీయే దండగ."

"ఇది మరింత లోతైన పరిశీలన."

"నేనొక గాడిదను."

"మిమ్మల్ని మీరు ఉన్నదున్నట్టు అంగీకరించడం సంక్షేమానికి తొలి మెట్టు."

ఆ దెబ్బతో కొండల్రావు గారి నోరు పడిపోయింది. వాచీ దాన్ని మౌనవ్రతమని నమోదు చేసింది. సోఫాలో కూలబడి గోడకేసి చూస్తుంటే ధ్యానమన్నది. ఉప్మా రెండు ముద్దలు తిని పళ్ళెం తోసేస్తే మితాహారమన్నది. నాడి మెల్లగా కొట్టుకుంటుంటే, ఇంత ప్రశాంతమైన హృదయాన్ని తాను ఇంతవరకు ఎరగనన్నది. సుఖాంకం అంతకంతకూ పచ్చబడి, ఒకనాటికి అరోరా పెద్దలందరిలోకీ అగ్రస్థానంలో నిలిచింది. ఆయనకు సమితి 'ఆదర్శ వృద్ధ' బిరుదు ప్రకటించింది. అనుదీప్ తండ్రిని కౌగిలించుకున్నాడు. కౌగిలి సరిపోయిందని వాచీ చెప్పాక వదిలాడు.

అలేఖ్య ఒక్కతే పళ్ళెం వైపు చూసింది. ఒక మధ్యాహ్నం తన వాచీ తీసి బియ్యం డబ్బాలో దాచి, మామగారి దగ్గర కూర్చుంది.

"మామయ్యా, అనురాధ చెప్పింది. వాళ్ళ నాన్నగారు వెళ్ళిపోతున్నారట. వచ్చే ఆదివారం ఫ్లైట్."

కొండల్రావు గారు గోడ మీంచి చూపు తిప్పారు. "వీసా ఇంకా చానా రోజులున్నదన్నడు కదా. ఎందుకు పోతున్నడు?"

"ఆయన స్కోరూ ఫుల్ గ్రీనేనట మామయ్యా. అన్నం ముట్టట్లేదట. 'ఇక్కడ నాకు అంతా బాగుందమ్మా, అందుకే పోతా' అన్నారట. శనివారం ఆయనకీ మీతో పాటే అవార్డు."

ఆయన తన మణికట్టు మీది పచ్చరంగు కేసి చూసుకున్నారు. చివరికి, "ఆ సభల నన్ను మైకుల మాట్లాడనిస్తరా?" అని అడిగారు.

"అవార్డు తీసుకున్నవాళ్ళు ధన్యవాదాలు చెప్పుకోవచ్చట."

"చెప్పుకుంట," అన్నారు కొండల్రావు గారు. అంతకుముందు ఆ బిరుదు వద్దనుకున్న మనిషి, ఆ సాయంత్రం తన చొక్కా తానే ఇస్త్రీ చేసుకున్నారు.

శనివారం నాడు భోజనశాల కిటకిటలాడింది. ఒక ఆదర్శ వృద్ధుణ్ణి ఈ చివరా, రెండో ఆదర్శ వృద్ధుణ్ణి ఆ చివరా కూర్చోబెట్టి, మధ్యలో వలంటీర్లను నిలబెట్టారు. అవినాష్ మైకు అందుకున్నాడు.

"ఫ్రెండ్స్, ఈ ఇద్దరు అంకుల్స్ మన ప్రోడక్ట్‌కి బ్యూటిఫుల్ సక్సెస్ స్టోరీస్! ఒకప్పుడు వీళ్ళు డైలీ ఫైట్ చేసుకునేవారు. ఇవాళ చూడండి, ఒక్క మాట మాట్లాడట్లేదు! ఎవరితోనూ! ఇదీ టెక్నాలజీ పవర్!"

చప్పట్లు మోగాయి. కొండల్రావు గారి మెడలో శాలువా పడింది. ఆయన మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"అందరికీ నమస్కారం. ఈ గడియారం నాకు శాంతి ఇచ్చింది. ఎంత శాంతి అంటే, నేనున్ననో పోయిననో మా ఇంట్ల ఈ గడియారాన్ని అడిగి తెల్సుకుంటున్నరు." సభ నవ్వింది; వాచీలు గిలిగింత పెట్టకుండానే. "మీకొక ముచ్చట చెప్త. నా పెండ్లికి మా మేనమామకు శుభలేఖ పంపిన. పోస్టులనే పంపిన. అది ఎప్పుడు చేరిందో ఎరికేనా? మా అనుదీప్ బారసాలకు చేరింది! మామ తొట్టెల కాడికొచ్చి, పెండ్లి పిలగాడు ఏడి అన్నడు. గసుంటి డిపార్ట్‌మెంటు మన పోస్టల్ డిపార్ట్‌మెంటు. అండ్ల పనిచేసిన పెద్దమనుషులు ఈ హాల్ల ఎవరన్న ఉంటే, వాళ్ళకు నా సానుభూతి."

మణికట్టు జుమ్మంది. పచ్చ పోయి పసుపొచ్చింది. కొండల్రావు గారు ఆ చివరకు చూశారు. లక్ష్మీపతి గారు తల వంచుకుని కూర్చున్నారు. పక్కన కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన లేవలేదు.  ఆ మాటకు జవాబేమిటో కొండల్రావు గారికి తెలుసు. మడుగు గట్టున అదే జవాబు తిని ఎన్నిసార్లు ఓడిపోయారో లెక్కలేదు. గెలవడానికి ఎత్తిన మాట కాదది. అవతలివాడు ఒక్క దెబ్బతో కొట్టడానికి వీలుగా తలవంచి అందించిన మాట. అదీ అక్కర్లేకపోతే ఇంకేం మిగిలింది? మెల్లగా మైకు వదిలి ఒక మెట్టు దిగారు.

"ఆగవయ్యా!"

హాలు ఆ చివరికి తిరిగింది. లక్ష్మీపతి గారు కుర్చీ మీద చెయ్యి ఆన్చి లేచారు.

"ఆ టపా సంచీ ఏ బండిలో వచ్చిందనుకున్నావ్? మీ బస్సులోనేనయ్యా! మీ ఆర్టీసీ బస్సులో! మేం ముహూర్తానికి ముందే ముద్ర కొట్టి ఎక్కించాం. నీ బండే దారిలో పడుకుని, నీ కొడుకు పుట్టాక లేచింది!"

"పడుకోదా మల్ల? నీ కట్టలన్నీ కట్టెల మోపుల్లెక్క ఎక్కిస్తే ఏ బండైనా పడుకుంటది!"

"నీ మొహం!"

"నీ మొహం!"

వలంటీర్లను చెరోవైపు నెట్టి ఇద్దరూ హాలు మధ్యకు వచ్చేశారు. శాలువాలు జారిపోయాయి. హాల్లోని వాచీలన్నీ ఒక్కసారిగా ఎర్రబడి, అందరూ ఊపిరి నెమ్మదిగా పీల్చండని ఏకకంఠంతో మొరపెట్టుకున్నాయి. ఎవరు వింటారు? జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ సందడిలో ఎవరో ధైర్యం చేసి, "ఈ పులిహోరలో ఉప్పేదండీ?" అన్నారు. "వంటింట్లో ఉంది, వేసుకోవడానికి చేతులు లేవా?" అంది వండినావిడ, ఎంతో హాయిగా. అంతే, కట్ట తెగింది. రఘు ఎన్నాళ్ళుగానో మింగుకున్న మాట అనురాధతో అనేశాడు. ఆవిడ దానికి ముందే సిద్ధం చేసుకున్న జవాబు చెప్పింది. ఇద్దరి ముఖాలూ కళకళలాడాయి. భోజనాల దగ్గర ఎప్పుడూ మిగిలిపోయి ఇళ్ళకు పంచుకునే వంటలు ఆవేళ అడుగంటాయి. కొండల్రావు గారు మూడోసారి వడ్డించుకుంటూ "ఇది ఉప్పులేని కూడు" అన్నారు. "పచ్చిపులుసు తాగే నాలికకి ఉప్పేం తెలుస్తుంది?" అంటూ లక్ష్మీపతి గారు నాలుగోసారి వడ్డించుకున్నారు. చేతులు కడుక్కుంటూ కూతుర్ని పిలిచారు.

"అమ్మాయీ, ఆ టికెట్ మార్పించు. ఈయనకి సమాధానం సగమే చెప్పాను. సగంలో పోతే ఓడిపోయి పారిపోయానని జనగామంతా చెప్పుకుంటాడు."

జరిగినదానిపై సమితి సమగ్ర విచారణ జరిపింది. తప్పు వాచీది కాదని తేలింది, వాచీని అడిగే తేల్చారు. పోట్లాట కూడా సంక్షేమంలో భాగమేనన్న మహత్తర సత్యం తమకు మొదటినుంచీ తెలుసునని అవినాష్ ప్రకటించి, రెండో వెర్షన్ విడుదల చేశాడు. దాని ప్రకారం, పోట్లాడదలచినవారు ముందుగా స్లాట్ బుక్ చేసుకోవాలి. విషయానికి ఆమోదం పొందాలి. పోట్లాట ముగిశాక ఒకరికొకరు నక్షత్రాలు ఇచ్చుకోవాలి. భార్యాభర్తలు కూడా. రద్దీ విపరీతంగా ఉంది. ఈ సేవకు నమూనాగా ఇద్దరు ఆదర్శ వృద్ధులూ రోజూ వాచీలు పెట్టుకుని, తమకు కేటాయించిన వేళలో పోట్లాడాలని సమితి కోరింది.

"ఇద్దరికీ ఇష్టమేనా అని అడుగుతోందయ్యా ఇది, తిట్టే ముందు," అన్నారు లక్ష్మీపతి గారు, మడుగు గట్టున బెంచీ మీద కూర్చుని, మణికట్టు చూసుకుంటూ.

"ఇష్టం లేదని చెప్పు. అప్పుడే అసలు పోట్లాట అయితది."

ఇద్దరూ వాచీలు ఊడలాగి బెంచీ మీద పడేసి పోట్లాటలో పడ్డారు. గట్టు మీద గడ్డి మేస్తున్న వలస పెద్దబాతుల జంట ఒకటి ఈ గొడవేమిటో చూద్దామని వచ్చి, బెంచీ మీద నల్లగా నిగనిగలాడుతున్నవేవో తినేవనుకుని పట్టీల్లోకి మెడలు దూర్చాయి. తీసేటప్పుడు మెడలతో పాటు వాచీలూ వచ్చాయి. అబద్ధమనుకునేవారు అరోరా వచ్చి విచారించుకోవచ్చు. ముసలివాళ్ళిద్దరూ చూస్తుండగానే బాతులు మడుగులోకి దిగిపోయాయి.

"నీకంటే దానికే బాగున్నది," అన్నారు కొండల్రావు గారు. ఆ తర్వాత ఎవరు నీళ్ళలో దిగి పట్టుకోవాలన్న దాని మీద వాళ్ళకు ఒక వారానికి సరిపడా పోట్లాట దొరికింది. పట్టుకోవడం మాత్రం ఎవరూ పట్టుకోలేదు.

అటు సమితి తెర మీద అద్భుతాలు మొదలయ్యాయి. ఇద్దరు ఆదర్శ వృద్ధులూ తెల్లవారకముందే లేస్తున్నారు. నూనె ముట్టడం లేదు, అంతా ఆకుకూరే. గొంతులు చించుకుని పోట్లాడుకుంటారు, మరుక్షణం పక్కపక్కనే ఈదుతారు. సుఖాంకం పచ్చ దాటిపోయింది. ఆ పై రంగేమిటో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. వాళ్ళను ఒకసారి చూసి అభినందిద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. అంకె కనపడుతుండగా మనిషిని చూడవలసిన అవసరమేముంది? ఆ దినచర్యనే ఆదర్శంగా తీసుకుని వాచీ అరోరాలోని తెలుగువారందరికీ ఆదేశాలివ్వడం, వారు వాటిని తు.చ. తప్పకుండా పాటించడం జరిగిపోయింది. చాలా ఇళ్ళలో అన్నం మానేసి ఆకులు తింటున్నారు.

చలి మొదలయ్యేసరికి ఆదర్శ వృద్ధులిద్దరూ, వాచీలతో సహా, దక్షిణ దిక్కుగా బయల్దేరారు. సుఖాంకం మరింత పెరిగింది. సమితి ఆ డేటాను క్షుణ్ణంగా పరిశీలించి, సంక్షేమం దక్షిణాదిన ఉన్నదని నిర్ధారించింది. ఆ రాత్రికల్లా వాచీలన్నీ అదే సలహా ఇచ్చాయి. ఇప్పుడు అరోరాలో సగం తెలుగు ఇళ్ళ ముందు 'అమ్మబడును' పలకలు లేచాయి. కొండల్రావు గారు, లక్ష్మీపతి గారు వాటి మధ్యగా నడుస్తూ, పచ్చిపులుసులో ఉల్లిపాయ సన్నగా తరగాలా లావుగా తరగాలా అని దెబ్బలాడుకుంటున్నారు.

కనుక, ఇది చదువుతున్న మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి, "ఇక్కడ చలి ఎక్కువండీ, డాలస్ వెళ్ళిపోదాం, మనవాళ్ళంతా అక్కడే ఉన్నారు" అని ఉంటే కంగారుపడకండి. అది ఎంతో పరిశోధన మీద ఆధారపడిన నిర్ణయం. సామాన్లు సర్దుకునే ముందు మాత్రం, ముందు వెళ్తున్నవాళ్ళు ఎవరో ఒక్కసారి తలెత్తి ఆకాశంలోకి చూసుకోవలసిందిగా మనవి.